పాఠంలో పక్కవాడికి చోటు

మా పల్లె బడిలో కొండమీది గూడెం నుంచి ఒక సవర కుర్రాడు మాతో చదివేవాడు. తెలుగులో తడబడితే మేమంతా నవ్వేవాళ్లం. మా పుస్తకంలోనేమో వాడి ఊసే లేదు. ఏడో తరగతి దాటకుండానే బడి మానేశాడు. తప్పు వాడి బుర్రది కాదనీ, ఆ పుస్తకానిదీ మా నవ్వులదీ అనీ ఇప్పుడనిపిస్తోంది.

వేర్వేరు సంస్కృతుల సంగతులు పాఠాల్లోకి తేవడమెలా? అమెరికాలో జేమ్స్ బ్యాంక్స్ అనే ఆచార్యుడు 1988లో ఇందుకు నాలుగు మెట్లు చెప్పాడు.

మొదటిది వీరులు, పండుగలు. అల్లూరి బొమ్మ, థింసా నాట్యం వగైరా. ఇది గుమ్మానికి తోరణం కట్టడమే. పండుగ కాగానే వాడిపోతుంది.

రెండవది, పాత పుస్తకాన్ని కదపకుండా ఒక పాఠం చేర్చడం. మా నాన్న వరిచేను గట్టుమీద కంది వేస్తాడు. కంది ఇంటికొస్తుంది గాని, చేను మాత్రం వరిదే!

మూడవది, చూసే చోటునే మార్చడం. 1922-24 మన్యం తిరుగుబాటునే తీసుకోండి. అల్లూరి సాహసంతో ఆపకుండా కొండవాళ్ల వైపు నుంచి చూడాలి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలొచ్చాయి. రోడ్ల పనుల్లో వెట్టి నడిచింది. ఇవి తెలిస్తేనే గాము గంటందొర లాంటివాళ్లు ఎందుకు తిరగబడ్డారో బోధపడుతుంది.

నాలుగవది, తెలుసుకున్న దాన్నిబట్టి పిల్లలు తామే పూనుకోవడం. మన తరగతిలో బడి మానిందెవరు? ఎందుకు? మనమేం చెయ్యగలం? అని విచారించి, ఆ పని చెయ్యడం.

ఇదంతా పరాయి సరుకనుకుంటే పొరపాటే. బ్యాంక్స్ కన్నా ఎంతో ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు తాను సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడి నడిపారు. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సవర, కోయ, గోండి మొదలైన ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పిల్లలకు చదువు మొదలెట్టింది.

'ఉన్న సిలబస్సే అవడం లేదు, మళ్లీ ఇవా?' అని మాష్టార్లు అడగొచ్చు. నిజమే. కాని ప్రతిసారీ కొత్త పాఠం అక్కర్లేదు, ఉన్న పాఠంలో ఉదాహరణ మార్చి మొదలుపెట్టవచ్చు. సైన్సులో విత్తనాల పాఠం చెప్పేటప్పుడు పోడులో కలిపి చల్లే సామలు, చోళ్లు, కందుల మాటెత్తితే, ఆ రోజు మా తరగతిలో జవాబు చెప్పగలిగేది ఆ సవర కుర్రాడొక్కడే. మేం నవ్వేవాళ్లం కాదు, వినేవాళ్లం.

మనలో చాలామంది రేపు ఉపాధ్యాయులమే కదా! ఆ ఒక్క ప్రశ్న అడగడం మరచిపోకూడదు.