సంకేతపదము – సంరక్షణము

హైదరాబాదునందలి మాదాపూరులో 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. నేడు ఆ హైటెక్ సిటీ కార్యాలయములందు కంప్యూటర్లను కలుపు రౌటర్లు, స్విచ్చులు అసంఖ్యాకముగా నున్నవి. వానిలో ఏది పనిచేయుచున్నదో, ఏది నిలిచిపోయినదో ఒక్కచోటనే కూర్చుండి తెలిసికొనుట యెట్లు?

ఇందులకై 1988లో ఎస్.ఎన్.ఎం.పి. అను పద్ధతి వెలువడినది. పర్యవేక్షక యంత్రము ప్రశ్నించును. పరికరము బదులు చెప్పును. అడిగినవారి కెల్ల బదులు చెప్పుట క్షేమము కాదు. కావున ప్రతి ప్రశ్నతోను ఒక సంకేతపదమును పంపుదురు. దీనినే ‘కమ్యూనిటీ స్ట్రింగ్’ అందురు. సాధారణముగా ఒక పదము వివరములను చదువుటకు మాత్రమే అనుమతి నిచ్చును. మరియొకటి అమరికలను మార్చుటకును అనుమతించును.

ఇందు రెండు లోపములు కలవు. మొదటిది, ఈ పదము మరుగు లేక ప్రయాణించును. పోస్టుకార్డుపై వ్రాసిన రహస్యమును దారిలో ఎవరైనను చదువవచ్చును గదా! రెండవది, అనేక పరికరములు ‘పబ్లిక్’, ‘ప్రైవేట్’ అను పదములతోనే తయారై వచ్చెడివి. వానిని మార్చకుండుట తాళము వేసి, చెవిని తలుపునకే వ్రేలాడదీయుట వంటిది. రెండవ పదము పరుల చేజిక్కినచో పరికరమే వారి వశమగును.

2002లో ప్రమాణీకరింపబడిన మూడవ రూపమున రహస్యకీలకము తీగపై పయనింపదు. దానితో గణించిన ముద్ర మాత్రమే సందేశము వెంట వచ్చును. కోరినచో సందేశమును గూఢలిపిలోనికి మార్చవచ్చును. పాత రూపమును వాడక తప్పనిచో సంకేతపదమును మార్చి, చదువుటకు మాత్రమే అనుమతించి, నిర్ణీత యంత్రముల ప్రశ్నలనే స్వీకరింపవలెను. రహస్యము దాచబడినప్పుడే రక్షణ మిచ్చును.