పల్లెబిడ్డల ప్రశ్నలు

గ్రామపెద్దలారా,

సిద్ధిపేటకు చేరువనున్న చంద్లాపూర్ చెంత రంగనాయకసాగరమను జలాశయము కలదు. 2020వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన దానిలోనికి నీరు వదలిరి. దాని నిలువ 3 టి.ఎం.సీ.లు. ఒక టి.ఎం.సీ. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. నడుమ గుట్ట యొకటి ద్వీపమువలె నిలిచియున్నది. పల్లమున నున్న అనంతగిరి జలాశయమునుండి సొరంగముగుండ వచ్చు నీటిని యంత్రములు పైకెత్తునట్లు దీనిని నిర్మించిరి.

ఇదంతయు నల్లబల్లపై వ్రాసి వల్లింపజేసినచో పిల్లవాడు పరీక్షలో తప్పక వ్రాయును. ఆ జ్ఞాపకశక్తిని నేను తక్కువచేయను. ఎక్కములు రానివానికి లెక్క సాగదు. కాని పిల్లలను కట్టమీదికి కొనిపోయి, “నీరు పల్లమెరుగును గదా, ఇది మీదికెట్లు ఎక్కెను?” అని యడిగి యూరకుండుడు. తాత చెప్పిన మోట సంగతి యొకడు తెచ్చును. వేరొకడు సైకిలు పంపును తలచును. తప్పులు చెప్పుదురు, చెప్పనిండు. పిదప రెండు చెంబులు, ఒక రబ్బరు గొట్టము వారి చేతికిండు. గొట్టమును నోటితో పీల్చి విడిచినచో ఎత్తుననున్న చెంబులోని నీరు క్రిందిదానిలోనికి దిగును. క్రిందినుండి పైకి మాత్రము, ఎన్నిమారులు పీల్చి విడిచినను, పోదు. యంత్రమేల కావలసెనో అప్పుడు పిల్లలే చెప్పుదురు.

బొమ్మల సంగతియు నింతే. పుస్తకములోని చిలుకను చూచి నలుబదిమందియు నొకే చిలుకను గీయుట చేతిపనియే గాని ఊహ గాదు. 1925లో సిద్ధిపేటలో జన్మించి 2012లో స్వర్గస్థులైన చిత్రకారులు కాపు రాజయ్యగారు బోనములను, బతుకమ్మను, పల్లెజనుల పనిపాటలను చిత్రించి పేరుగాంచిరి. వారికి వస్తువు ఊరిలోనే దొరికినది. బతుకమ్మను పేర్చునపుడు తంగేడు, గునుగు ఏ వరుసలో నుండవలెనో ఒకమారు మీ మనుమరాలినే నిర్ణయింపనిండు.

బడిపిల్లల నూతన యోచనలకై కేంద్రప్రభుత్వమువారి ఇన్‌స్పైర్ మానక్ పథకము కలదు. ఎంపికైన బిడ్డకు నమూనా చేసికొనుటకు 10,000 రూపాయలిత్తురు. ఆ నమూనాను తండ్రి అంగడిలో కొనితెచ్చినచో బిడ్డకు మిగులునదేమి?

ఇంట “నోరు మూసికొని చదువుము” అనుట మనకు వాడుక. ఎదురుమాట వేరు, ప్రశ్న వేరు. రేపు ఎరువుల దుకాణములో సంచిపై వ్రాసిన దేమని యడుగవలసినవాడు ఆ బిడ్డయే గదా!

ఒక్క హెచ్చరిక. కట్టమీదికి పిల్లలను ఒంటరిగా పంపవలదు, నీరు లోతు. మీలో నొకరు వెంట పోవలెను. పోయినవారు జవాబు తొందరపడి చెప్పకుండిన చాలును.