మొక్క నుండి దండం దాకా

శ్రీమన్నారాయణుని చతుర్భుజాలలో శంఖచక్రాలతో పాటు గద శోభిల్లుతుంది. వైష్ణవాలయాల ముంగిట ద్వారపాలకులైన జయవిజయులు గదపై చేయి ఆనించి నిలుస్తారు. ఆంజనేయస్వామి పటాలలో గద భుజాన మెరుస్తుంది. స్వామి దర్శనానికి త్వరపడుతూ ఈ ఆయుధాన్ని మనం అంతగా పరికించము. ద్వారపాలకుల గద పైకెత్తి ఉండదు. నేలపై ఆని, విశ్రాంతిగా ఉంటుంది. అందులో ఒక బోధ ఉన్నది. విజయదశమి సమీపిస్తున్న ఈ వేళ, గదకూ దండానికీ మూలమైన సాధారణ కర్ర ఏ విధంగా సిద్ధమవుతుందో తెలుసుకుంటే ఆ బోధ మరింత స్పష్టమవుతుంది.

గద పుట్టుక

వాయుపురాణంలోని గయామాహాత్మ్యం గద పుట్టుకను వివరిస్తుంది. గదుడనే అసురుని ఎముకలు వజ్రం కంటె కఠినమైనవి. బ్రహ్మదేవుడు వచ్చి యాచింపగా అతడు తన ఎముకలనే దానం చేశాడు. విశ్వకర్మ వాటితో గదను నిర్మించాడు. దానిని ధరించి హేతి అనే రాక్షసుని సంహరించినందున శ్రీమహావిష్ణువు గదాధరుడయ్యాడు. గయాక్షేత్రంలో నేటికీ ఆ నామంతోనే పూజలందుకుంటున్నాడు.

స్వామి చేతి ఆయుధం ఒకరి శరీరదానం నుండి జనించింది. మన చేతికర్ర కూడా అటువంటిదే. ఒక చెట్టు తన దేహాన్ని ఇస్తేనే మనకు కర్ర లభిస్తుంది. ఈ మాట మరువనివారే కర్రను శ్రద్ధగా చేయగలరు.

స్మృతి చెప్పిన లక్షణాలు

ఉపనయన సమయంలో వటువు ధరించే దండం గురించి మనుస్మృతి రెండవ అధ్యాయం వివరంగా పేర్కొన్నది. మారేడు, మోదుగ, మర్రి, చండ్ర, మేడి మొదలైన వృక్షాలను అందుకు విధించింది. దండం ఎత్తును పట్టేవాని శరీరంతోనే కొలిచింది. అది వంకర లేనిదై, గాయం లేనిదై, చూడముచ్చటగా ఉండాలి. బెరడు తీయరాదు. నిప్పు తాకరాదు. మరొక ముఖ్య లక్షణం కూడా ఉన్నది: అది జనులకు భయం కలిగించనిదై ఉండాలి. కర్రను చేతికిస్తూనే, దానిని చూచి ఎవరూ జంకకూడదని ధర్మశాస్త్రం నియమించింది.

కోనసీమలో కర్ర

అమలాపురంలో దసరా అనగానే చెడీ తాలింఖానా గుర్తుకు వస్తుంది. కొంకాపల్లి, మహిపాల వీధి మొదలైన పేటల యువకులు అమ్మవారి వాహనాల ఊరేగింపులో కర్రసాము, కత్తిసాము ప్రదర్శిస్తారు. హిందుస్తానీలో ఛడీ అంటే కర్ర, తాలీంఖానా అంటే శిక్షణశాల. తాతల నుండి మనుమలకు సంక్రమిస్తున్న విద్య ఇది.

గోదావరి ఒండ్రు పేరుకొని ఏర్పడిన ఈ సీమలో అడవి లేదు. కొత్తపేట మొదలు రాజోలు దాకా ఎటు చూచినా కొబ్బరితోటలే. కొబ్బరి మొక్క లేతదశలో చేవగల కాండం ఏర్పరచదు కనుక అది కర్రకు పనికిరాదు. పూర్వం మన్యపు వెదురు, కలప తెప్పలుగా కట్టబడి గోదావరి మీదుగా దిగువకు వచ్చేవి. సాముకు లోపల గుల్ల తక్కువగా ఉండే సాధనపు వెదురు శ్రేష్ఠం. ఇక గట్టి దుడ్డుకర్రకు గట్లపై పెరిగే తుమ్మ, చింత వంటి చెట్ల మొక్కలు ఉపయోగిస్తాయి.

తయారీ విధానం

కోసిన పలక కంటె మొక్క కాండమే మేలు. రంపం చెక్కలోని పోగులను అడ్డంగా తెంచుతుంది. దెబ్బ తగిలినప్పుడు అక్కడే చీలిక పుడుతుంది. మొక్కలో పోగులు మొదలు నుండి కొన దాకా తెగకుండా సాగుతాయి. వేరు మొదట అవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. అందుచేత దుడ్డుకర్రకు తలగా వేరుముడినే ఉంచుతారు. పెద్దచెట్ల నీడలో వెలుగు కోసం నిటారుగా పెరిగిన, పిడికిట ఇమిడే లావుగల మొక్కను ఎంచి, చుట్టూ మన్ను తవ్వి, ముడితో సహా తీస్తారు. చెట్టు ఆకు రాల్చి, రసం తగ్గిన కాలం ఇందుకు అనుకూలం. రసం నిండిన కర్రకు పుచ్చు త్వరగా పడుతుంది. వెదురునైతే కొన్ని వారాలు చెరువు నీటిలో నానబెడతారు. పురుగుకు ఆహారమయ్యే పిండిపదార్థం నీటిలో కరిగిపోతుంది.

తరువాతి పని ఆరబెట్టడం. ఇదే అన్నిటికంటె దీర్ఘమైనది. చెక్కలోని తేమ కొనల నుండి త్వరగా, పక్కల నుండి మెల్లగా పోతుంది. అందుకని రెండు కొనలకూ పేడగాని మైనం గాని పూసి, బెరడు తీయకుండా, గాలి ఆడే నీడలో ఉంచుతారు. అంగుళం మందానికి సుమారు ఒక సంవత్సరం అనే లెక్కను లోకంలో చాలాచోట్ల వడ్రంగులు పాటిస్తారు. మన పెద్దలు పొయ్యి పైనున్న అటక మీద కర్రలను పొగకు ఉంచేవారు. దూరాన ఐర్లండు దేశంలోనూ షిలేలీ అనే దుడ్డుకర్రకు వెన్న పూసి పొగగూటిలో ఆరబెట్టేవారు.

ఆరిన కర్రకు బెరడు తీసి, వంకర ఉన్నచోట బొగ్గుల సెగ చూపి, చెట్టుపంగలో బిగించి వంచుతారు. చల్లారేదాకా అలాగే పట్టి ఉంచాలి. బాడిసతో ముడిని గుండ్రంగా చెక్కి, గరుకు ఆకులతో రుద్ది, నువ్వులనూనె పలుమార్లు పట్టిస్తారు. కొన అరిగిపోకుండా ఇనుప పొన్ను తొడుగుతారు. వ్రతదండానికి నిప్పు నిషిద్ధం, సాముకర్రకు నిప్పు అవసరం. ఒకటి దీక్షకు గుర్తు, మరొకటి దెబ్బలకు ఓర్చుకోవలసినది. చూచేవారిని జంకించకుండుట మాత్రం రెండింటికీ సమానధర్మం.

తొందర తెచ్చే కీడు

పండుగ నాలుగు రోజులుందనగా పచ్చికర్ర నరికి, ఎండలో ఆరవేసి, రంగు పూసి చేతికివ్వడం అపాయకరం. పైపొర ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి మిగులుతుంది, కంటికి కనబడని పగులు ఏర్పడుతుంది. వేగంగా తిరిగే కర్ర అక్కడే చీలితే పట్టినవాని అరచేయి తెగుతుంది. విరిగిన ముక్క వేడుక చూచే పసివాని కంటిని తాకవచ్చు. కర్రసాముకు విరాళమిచ్చే దాతలు దుస్తులతో పాటు, ఏడాది ముందుగానే మంచి కర్రలను కూడా సమకూర్చితే అది పిల్లల రక్షణకు చేసిన దానమవుతుంది. అనుమతి లేకుండా రక్షితారణ్యంలో మొక్క నరకడం నేరమని కూడా గుర్తుంచుకోవాలి.

అజ్ఞాతవాసానికి ముందు పాండవులు తమ ఆయుధాలను జమ్మిచెట్టుకు అప్పగించారు. ఏడాది పాటు వాటిని చెట్టే కాపాడింది. విజయదశమినాడు జమ్మికి ప్రదక్షిణ చేసి ఆయుధపూజ చేసే మనం, చెట్టు నుండి తీసుకున్న కర్రకు బదులుగా ఒక మారేడునో, మేడినో, మోదుగనో నాటి నీరు పోయాలి. పది, పదిహేనేళ్ళకు అది నీడనిచ్చే వేళకు నేడు కర్ర పట్టిన బాలుడు తన కుమారునికి సాము నేర్పుతూ ఉంటాడు. ఆ బాలునికి మొదట నేర్పవలసిన పాఠం, ద్వారపాలకుని వలె కర్రను నేలకు ఆనించి నిశ్చలంగా నిలబడటం.