చీటీ నుంచి తెర మీదికి

మొన్న డాక్టరు గారు రాసిచ్చిన మందుల చీటీ ఓసారి బయటికి తీసి చూడండి. మందుల పేర్లు మీరు చదవగలుగుతున్నారా? ఎంత మోతాదో, రోజుకు ఎన్నిసార్లో, ఎన్నాళ్లు వాడాలో తెలుస్తోందా? మనలో చాలామంది ఆ పని ఎప్పుడూ చేయం. ‘మందుల షాపులో అర్థమవుతుందిలే’ అనుకుని మడిచి జేబులో పెట్టుకుంటాం. చాలాసార్లు వాళ్లకు అర్థమవుతుంది కూడా. ఆ వీధిలోని డాక్టరు చేతిరాత వాళ్లకు అలవాటే. అర్థం కాకపోతే ఫోన్ చేసి అడుగుతారు, పెద్ద ప్రమాదం ఉండదు. తప్పుగా అర్థమైనప్పుడే చిక్కు. అప్పుడు అడగాలన్న అనుమానమే రాదు.

1995లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో సరిగ్గా ఇదే జరిగింది. ఒక గుండె వైద్యుడు తన రోగికి ఐసార్డిల్ అనే మందు 20 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకోసారి వేసుకోమని రాశారు. ఆ రాత చూసి ఫార్మసిస్టు దాన్ని ప్లెండిల్ అనుకున్నారు. ప్లెండిల్ రక్తపోటు మందు. రోజు మొత్తానికి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. రోగి వేసుకున్నది రోజుకు 80, అంటే గరిష్ఠ మోతాదుకు ఎనిమిది రెట్లు. గుండెపోటు వచ్చి కొద్ది రోజుల్లోనే ఆయన చనిపోయారు. డాక్టరు, ఫార్మసిస్టు ఇద్దరిదీ బాధ్యతేనని 1999లో అక్కడి జ్యూరీ తేల్చింది.

పెద్ద అక్షరాలు రాస్తే చాలదా?

మన దేశంలోనూ ఈ విషయం మీద చాలాకాలంగా చర్చ ఉంది. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో భారత వైద్య మండలి తన నిబంధనల్లో చేర్చింది. చదవగలిగే మందుల చీటీ పొందడం రోగి ప్రాథమిక హక్కులో భాగమని 2025లో పంజాబ్, హరియాణా హైకోర్టు చెప్పింది. రెండూ మంచివే. కానీ అక్షరం గుండ్రంగా ఉన్నంత మాత్రాన చీటీ క్షేమమైపోదు.

ఇన్సులిన్ సంగతే తీసుకోండి. 4 యూనిట్లు అని రాయడానికి 4 పక్కన ‘యు’ అనే ఇంగ్లిష్ అక్షరం వేస్తారు. తొందరలో రాస్తే అది సున్నాలా కనిపిస్తుంది. నాలుగు కాస్తా నలభై అవుతుంది. 1.0 అని రాసినప్పుడు మధ్యలో చుక్క సరిగా పడకపోతే అదే 10. ఇవి చేతిరాత తప్పులు. అసలు రాతతో సంబంధం లేనివీ ఉన్నాయి. మీ నాన్నగారికి గుండె డాక్టరు టెల్మిసార్టాన్ రాశారనుకోండి. మూడు నెలల తర్వాత షుగర్ డాక్టరు అదే మందును ఇంకో కంపెనీ పేరుతో రాశారు. రెండు చీటీలూ ముత్యాల్లాంటి అక్షరాలతోనే ఉన్నాయి. ఇంట్లో మాత్రం రెండు డబ్బాల్లోంచీ మాత్రలు వేసుకుంటున్నారు. తల తిరుగుతోందంటే ఎండవల్లేమో అనుకుంటారు.

ఎలక్ట్రానిక్ రికార్డు పనికొచ్చేది ఇక్కడే. ‘ఈ మందు ఇప్పటికే నడుస్తోంది’, ‘ఈయనకు పెన్సిలిన్ పడదు, మీరు రాస్తున్నది అదే కుటుంబానిది’, ‘రక్తం పలుచబడే వార్ఫరిన్ వాడుతున్నారు, మెట్రోనిడజోల్ కలిస్తే రక్తస్రావం కావచ్చు’ అని సాఫ్ట్‌వేర్ ఆ క్షణంలోనే గుర్తుచేయగలదు. రోజుకు డెబ్బై, ఎనభై మందిని చూసే డాక్టరుకు సాయంత్రం ఏడింటికి ఇవన్నీ తలలో ఉండాలని ఆశించడం అన్యాయం.

ఇక్కడో మెలిక ఉంది. చేత్తో రాసిన చీటీని ఫొటో తీసి వాట్సప్‌లో పెట్టడం రికార్డు కిందికి రాదు. పోగొట్టుకోకుండా ఉండటానికి అది ఉపయోగపడుతుందే గానీ, కంప్యూటర్‌కు అది ఒక బొమ్మ మాత్రమే. అందులో ఏ మందు ఉందో దానికి తెలియదు. మందు పేరు, మోతాదు, రోజులు విడివిడి గడుల్లో నమోదైతేనే హెచ్చరికలు వస్తాయి. ‘మా దగ్గర అంతా డిజిటలే’ అని ఎవరైనా చెబితే, స్కాన్ చేసి దాస్తున్నారా, మందుల్ని నమోదు చేస్తున్నారా అన్నది అడగదగ్గ ప్రశ్నే.

డాక్టర్లు వెనకాడేది ఎందుకు?

బద్ధకం అనుకుంటే పొరపాటు. రెండు గదుల క్లినిక్‌ను ఊహించుకోండి. బయట ముప్పై మంది కూర్చున్నారు. లోపల డాక్టరు, తలుపు దగ్గర ఒక కాంపౌండర్. చేత్తో చీటీ రాయడానికి అర నిమిషం పడుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొదటి వారం అదే చీటీకి మూడు నిమిషాలు. బయటున్న వాళ్లు గొణుగుతారు, ఇద్దరు ముగ్గురు పక్క క్లినిక్‌కు వెళ్లిపోతారు. కరెంటు పోతే? నెట్ ఆగిపోతే? సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడితే పదేళ్ల రికార్డుల గతేంటి? ఇవన్నీ న్యాయమైన భయాలే. పైగా తెర వంకే చూస్తూ టైపు చేసే డాక్టరు మనకూ నచ్చడు. ‘నా మొహం కూడా చూడలేదు’ అని ఇంటికొచ్చి చెప్పుకొంటాం.

రికార్డుల్ని కంప్యూటరీకరించేందుకు ప్రయత్నించాలన్న మాట మన వైద్య నియమావళిలో 2002 నుంచే ఉంది. అయినా ఇన్నేళ్ల తర్వాతా చిన్న క్లినిక్‌లలో కాగితమే నడుస్తోందంటే, కొరత నియమాలది కాదని అర్థం.

అమెరికా ఈ దారిలో మనకన్నా ముందు నడిచింది, ముందే దెబ్బలూ తింది. 2009లో అక్కడ హైటెక్ చట్టం తెచ్చి, ఎలక్ట్రానిక్ రికార్డుల్ని నిజంగా వాడుతున్నట్టు చూపిన డాక్టరుకు మెడికేర్ పథకం కింద 44 వేల డాలర్ల దాకా ప్రోత్సాహకం ఇచ్చారు. డబ్బు ఒక్కటే చాలదని గ్రహించి, చిన్న క్లినిక్‌లకు చేయూతగా దేశవ్యాప్తంగా 62 ప్రాంతీయ కేంద్రాలు పెట్టారు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, రోగి తలుపు దాటిన దగ్గర్నుంచి చీటీ తీసుకుని వెళ్లేదాకా పని ఎలా మార్చుకోవాలి అన్నవి నేర్పడం వాటి బాధ్యత. నా దృష్టిలో ఆ కథలో మనం తీసుకోవాల్సింది ఇదే. కంప్యూటర్ ఎవరైనా కొనిస్తారు. మొదటి నెలంతా పక్కన నిలబడేవాళ్లు కావాలి.

మన దగ్గరా అలాంటి ప్రయత్నం మొదలైంది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద చిన్న క్లినిక్‌లు, ల్యాబులు, మందుల షాపుల్ని ప్రాంతాలవారీగా ఒక గుంపుగా చేర్చి సాయపడే ‘మైక్రోసైట్’ల పథకం వచ్చింది. రికార్డుల్ని డిజిటల్‌గా ఇచ్చే ఆసుపత్రులకు 2023లో ప్రోత్సాహక పథకమూ వచ్చింది.

మొదలుపెట్టడం ఎలా?

ఈ పేజీ చదివే డాక్టర్లకు, క్లినిక్ నడిపేవారికి నాలుగు మాటలు. పాత ఫైళ్లన్నీ ఎక్కించాకే మొదలుపెడదామనుకుంటే ఎప్పటికీ మొదలవదు. ఈ రోజు వచ్చిన రోగి, ఈ రోజు రాసే మందులు... అంతే. పాత చరిత్రలో పడని మందులు, దీర్ఘకాలిక జబ్బులు, ఇప్పుడు నడుస్తున్న మాత్రలు ఎక్కిస్తే చాలావరకు పని జరిగినట్టే. ఏ డాక్టరైనా తరచూ రాసే మందుల జాబితా చిన్నదే. వాటిని మోతాదులతో సహా ముందే ఎక్కించి పెట్టుకుంటే జలుబుకో, బీపీ తనిఖీకో చీటీ రెండు మూడు క్లిక్కులతో అయిపోతుంది. పేరు, వయసు, బరువు, బీపీ, షుగర్ బయట కాంపౌండరో నర్సో నమోదు చేయాలి. డాక్టరు టైపు చేయాల్సింది ఎంత తగ్గితే ఆ పద్ధతి అంతకాలం నిలుస్తుంది. మొదటి రెండు వారాలు అపాయింట్‌మెంట్లు కొంచెం తగ్గించుకోండి. తెరను రోగికీ మీకూ ఇద్దరికీ కనిపించేలా పక్కకు తిప్పండి. ఈ చిన్న పనితో ‘మొహం చూడలేదు’ అన్న ఫిర్యాదు సగం తగ్గుతుంది.

కొనేముందు అమ్మే వ్యక్తిని ఒక్కటి తప్పక అడగండి: ‘రేపు మిమ్మల్ని వద్దనుకుంటే నా రికార్డులన్నీ నాకు వాడుకోగలిగే రూపంలో ఇస్తారా?’ జవాబు నసిగితే అక్కడే ఆగండి. చీటీ తెలుగులో ప్రింటవుతుందా అన్నదీ చూడండి. మందు పేరు ఇంగ్లిష్‌లో ఉన్నా ‘ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక’ అని తెలుగులో ఉంటే, 1-0-1 చూసి తికమకపడే పెద్దవాళ్లకు ఎంతో మేలు.

కంప్యూటరూ పొరబడుతుంది

ఇదంతా చదివి, ప్రింటు వచ్చింది కాబట్టి తప్పుండదని ధీమా పడకండి. జాబితాలో ఒక వరస కింద నొక్కితే వేరే మందు పడుతుంది, అదీ చక్కటి అక్షరాలతో. మెథోట్రెక్సేట్ అని ఒక మందు ఉంది. కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ వారానికి ఒక్కసారే ఇస్తారు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ‘రోజూ’ అని నింపేసి, దాన్నెవరూ మార్చకపోతే ప్రమాదం. రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడటం దగ్గర్నుంచి ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి రావడం దాకా జరగొచ్చు. మీ ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే చీటీ మీద ‘వారానికి ఒకసారి’ అని, ఏ వారమో కూడా రాయించుకోండి.

హెచ్చరికల గొడవ ఇంకోటి. ప్రతి చిన్నదానికీ తెర మీద ఎర్ర గడి వస్తుంటే డాక్టర్లు చూడకుండానే మూసేయడం అలవాటైపోతుంది. ఆ వరసలో అసలైనదీ కొట్టుకుపోతుంది. అందుకే ప్రాణాంతకమైన హెచ్చరికల్ని మాత్రమే గట్టిగా చూపేలా సాఫ్ట్‌వేర్‌ను సర్దుకోవాలి.

ఆభా... ఆయుష్మాన్ కార్డు ఒకటేనా?

కాదు. ఉచిత వైద్యానికి చూపే ఆయుష్మాన్ కార్డు వేరు, ఆభా వేరు. ఆభా అనేది 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య. డబ్బు ప్రయోజనం ఏమీ రాదు. వేర్వేరు ఆసుపత్రుల్లోని మీ రికార్డుల్ని ఒక్కచోట చూసుకునే దారి అది. తీసుకోవడం పూర్తిగా మీ ఇష్టం. రికార్డులన్నీ తీసుకెళ్లి ఒకే గోదాములో పోయరు. ఏ ఆసుపత్రిలో తయారైనవి అక్కడే ఉంటాయి. మరో డాక్టరు చూడాలంటే మీ ఫోన్‌కు అనుమతి కోరుతూ సందేశం వస్తుంది. ఏ రికార్డులు, ఎంతకాలం అన్నది మీరే నిర్ణయించవచ్చు, తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. అంత నిశితంగా చేసిన ఏర్పాటును మనమే పాడుచేస్తున్నాం. ఓపీ కౌంటర్ దగ్గర ఎవరో ‘ఓటీపీ చెప్పండి’ అంటే, ఎందుకని అడక్కుండా చెప్పేస్తున్నాం. ఫోన్‌లో సందేశం చదివాకే అనుమతి ఇవ్వండి. పెద్దవాళ్ల ఫోన్ మీ దగ్గరుంటే ఆ బాధ్యత మీదే.

ఈసారి వెళ్లినప్పుడు

వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, హోమియో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పడని మందు ఏదైనా ఉంటే అడగకముందే చెప్పండి, నమోదు చేశారా అని చూడండి. ప్రింటు చేతికొచ్చాక అక్కడే చదవండి. మీ పేరు, తేదీ, మందు, మోతాదు, మొత్తం ఎన్ని మాత్రలు, డాక్టరు సంతకం ఉండాలి. సంతకం లేని ప్రింటు మందుల చీటీ కాదు. టెలిమెడిసిన్‌లో చూపించుకున్నా సంతకంతో ఉన్న చీటీ మీ ఫోన్‌కో, ఈమెయిల్‌కో పంపాలని 2020 మార్చి నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆసుపత్రిలో చేరినవారు తమ రికార్డులు కోరితే 72 గంటల్లోగా ఇవ్వాలన్న నియమమూ ఉంది. మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి.

మీ డాక్టరు ఇంకా చేత్తోనే రాస్తున్నారా? చీటీ తీసుకున్నాక ఒక్క నిమిషం ఆగి, ‘డాక్టరు గారూ, ఈ పేర్లు ఓసారి చదివి వినిపిస్తారా, రాసుకుంటాను’ అనండి. కొత్తగా కంప్యూటర్ పెట్టి, కీలు వెతుక్కుంటూ తడబడుతున్న డాక్టరు ఎదురైతే మాత్రం గడియారం వంక చూడకండి. రెండు వారాలు ఓపిక పట్టండి.