యానాం తపాలా సంఖ్య

గౌతమీ గోదావరి ఒడ్డున యానాం అనే పట్టణం ఉంది. 1954 వరకు అది ఫ్రెంచివారి పాలనలో ఉండేది. ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. కాని దాని చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. పుదుచ్చేరి పట్టణమేమో అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. మరి ఉత్తరం మీద "యానాం, పుదుచ్చేరి" అని మాత్రమే రాస్తే అది ఏ దిక్కుకు పోవాలి?

ఈ చిక్కును తీర్చేది 533464 అనే పిన్ కోడ్. మన దేశంలో ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. దీనిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖలో ఉన్నతాధికారి. సంస్కృత కవి కూడా. మొదటి అంకె 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు గుర్తు. 533 అంటే కాకినాడ, రాజమహేంద్రవరం వైపు ప్రాంతం. పొరపాటున 534 అని రాస్తే ఉత్తరం ఏలూరు వైపు పోతుంది. పుదుచ్చేరి పట్టణపు సంఖ్యలు 605తో మొదలవుతాయి. పాలన ఒకటే అయినా ఉత్తరాలు దగ్గరి దారినే పోతాయన్నమాట.

తపాలావారికి ఇది గుర్తు మాత్రమే. దీనిని ఎవరూ కూడరు, తీసివేయరు. అయినా ఐదు లక్షల ముప్పై మూడు వేల నాలుగు వందల అరవై నాలుగును ఒక సంఖ్యగా చూద్దాం.

1000ని 8 నిశ్శేషంగా భాగిస్తుంది. కాబట్టి ఎంత పెద్ద సంఖ్యకైనా చివరి మూడంకెలు చూస్తే చాలు. 464 = 8 × 58. కనుక మన సంఖ్యను కూడా 8 భాగిస్తుంది. భాగఫలం 66683.

ఇక్కడ పని కష్టమవుతుంది. 66683 బేసి సంఖ్య. అంకెల మొత్తం 29, కనుక 3 భాగించదు. చివర 0 గాని 5 గాని లేదు, కనుక 5 భాగించదు. 7తో భాగిస్తే శేషం 1, 11తో భాగించినా శేషం 1. ఇలా ఎంతవరకు పోవాలి? దాని కారణాంకాలు రెండూ 258 కంటే పెద్దవనుకోండి. అప్పుడు వాటి లబ్ధం కనీసం 259 × 259, అంటే 67081 కావాలి. అది మన సంఖ్యను మించిపోయింది. కాబట్టి 258 లోపల వెతికితే చాలు. అక్కడ ఉన్న ప్రధాన సంఖ్యలు 55. ఓపికతో అన్నిటితో భాగించి చూస్తే ఎక్కడా శేషం సున్న రాదు. చివరిదైన 257తో శేషం 120. అంటే 66683 ప్రధాన సంఖ్య!

533464 = 2 × 2 × 2 × 66683. దీనికి ఉన్న భాజకాలు ఎనిమిదే: 1, 2, 4, 8, 66683, 133366, 266732, 533464.

8ని 66683తో గుణించడానికి ఒక నిమిషం చాలు. విడదీయడానికి ఒక పూట పట్టవచ్చు. ఈ తేడానే ఆధారంగా చేసుకొని 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు రహస్య సందేశాలు పంపే పద్ధతిని కనిపెట్టారు. వందల అంకెలున్న సంఖ్యలను విడదీయడం కంప్యూటర్లకు కూడా కష్టమే.

మీ ఊరి పిన్ కోడ్ 6తో మొదలైనా, 4తో మొదలైనా దానిని ఇలాగే విడదీసి చూడవచ్చు. చివర సున్న ఉంటే 2, 5 రెండూ ఒక్కసారే దొరుకుతాయి.