షెజ్వాన్ కారం - తినేముందు తెలుసుకోవలసినవి

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా ఇప్పుడు కుటుంబమంతా కలిసి చైనీస్ హోటలుకు వెళ్లడం మామూలైపోయింది. హోటలు స్తోమత లేనివారికి ఫాస్ట్‌ఫుడ్ బండి ఉండనే ఉంది. ఎక్కడికి వెళ్లినా పిల్లలు ముందు అడిగేది షెజ్వాన్ ఫ్రైడ్ రైస్, షెజ్వాన్ నూడుల్స్. గోదావరి జిల్లాల వాళ్లం మనకు కారం కొత్తేమీ కాదు. అయినా ఎవరు ఎంత తినవచ్చో తెలుసుకోవడం మంచిది.

షెజ్వాన్ అంటే ఏమిటి?

చైనా నైరుతి భాగంలోని సిచువాన్ రాష్ట్రం పేరే మన నోట షెజ్వాన్ అయింది. అక్కడి వంటల్లో ఎండుమిర్చితోపాటు సిచువాన్ మిరియాలు కూడా వాడతారు. పేరుకే అవి మిరియాలు. నిజానికి అవి నిమ్మ, నారింజ కుటుంబానికి చెందిన చెట్టు కాయల తొక్కలు. నోట్లో వేసుకుంటే నాలుక, పెదవులు తిమ్మిరెక్కుతాయి. మన హోటళ్లలో సాధారణంగా వాడేది ఎండుమిర్చి, వెల్లుల్లి, అల్లం, వెనిగర్, సోయా సాస్‌తో మన దేశంలోనే తయారైన రకం. ఇందులో తిమ్మిరి ఉండదు, మంట మాత్రం ఉంటుంది.

మంట ఎలా తగ్గుతుంది?

మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం వేడిని గుర్తించే నరాల కొనలను తాకుతుంది. దాంతో నోరు కాలినట్లు మెదడుకు కబురు వెళుతుంది. ఈ సంగతి కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. అందుకే నీళ్లు ఎన్ని తాగినా మంట పోదు. పాలు, పెరుగు, లస్సీ తీసుకుంటే త్వరగా తగ్గుతుంది.

కారం తింటే అల్సర్ వస్తుందా?

రాదు. కడుపులో పుండుకు ముఖ్య కారణాలు రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. దీన్ని కనుగొన్న బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి ఇచ్చారు. రెండవది నొప్పుల మాత్రలు. కొల్లేరు చేపల చెరువుల మీద రోజంతా శ్రమించి, ఒళ్లు నొప్పులకు డాక్టరును అడగకుండా రోజూ మాత్ర మింగేవారు జాగ్రత్తపడాలి. ఇప్పటికే పుండు గానీ, ఎసిడిటీ గానీ ఉన్నవారికి కారం బాధను పెంచవచ్చు.

ఆర్డరు ఇచ్చేటప్పుడు

1. అందరికీ కలిపి ఒక్క కారపు వంటకం చాలు. దానికి తోడు తెల్లన్నం, కూరగాయల సూప్ వంటి చప్పటివి తీసుకోండి.

2. బి.పి. ఉన్నవారు కారం కన్నా ఉప్పుకు భయపడాలి. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే సుమారు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. సాస్ తగ్గించి వేయమని చెప్పండి.

3. మరీ ఎర్రగా మెరిసే మంచూరియా వద్దు. కృత్రిమ రంగుల కారణంగానే కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో వాటిని నిషేధించింది.

4. అన్నం ఎప్పుడు వండారో అడగండి. ఉదయం వండి బయటే ఉంచిన అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి విషం, రాత్రి మళ్లీ వేయించినా పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

5. రొయ్యలు పడనివారు ముందే చెప్పాలి. చికెన్ అడిగినా, రొయ్యలు వేయించిన మూకుడులోనే చేసి ఇవ్వవచ్చు.

"గ్యాస్" అని పడుకోకండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. రాత్రి కారంగా తిన్న తరువాత ఛాతీలో మంట వస్తే సోడా తాగి పడుకునేవారు చాలామంది. ఛాతీ మీద బరువు పెట్టినట్లుండి, నొప్పి ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకుతూ, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. షుగరు ఉన్నవారికి నొప్పి అంతగా తెలియకపోవచ్చు కూడా. గుండెపోటులో ఎంత త్వరగా చికిత్స మొదలైతే గుండె కండరం అంతగా దక్కుతుంది. కొల్లేరు లంక గ్రామాల నుంచి ఆసుపత్రికి చేరడానికే సమయం పడుతుంది కనుక తెల్లవారేదాకా ఆగవద్దు. నల్లగా తారులాంటి విరేచనమైనా, రక్తపు వాంతి అయినా ఇంతే. వెంటనే 108కి ఫోన్ చేయండి. వచ్చాక అది గ్యాసే అని తేలితే సంతోషంగా ఇంటికి వెళ్లవచ్చు. అనవసరంగా వచ్చారని మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.