మొదటిసారి తెడ్డు పట్టేవాళ్లకు ఏ కయాక్ మంచిది?



సెలవులు దగ్గరపడుతుంటే కొన్ని ఇళ్లలో కయాక్ మాట వినిపిస్తోంది. వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టులో కొన్నేళ్లుగా కయాకింగ్ నడుస్తోంది. నారాయణఖేడ్ నుంచి జహీరాబాద్ మీదుగా పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఒకసారి తెడ్డు వేసి వచ్చిన పిల్లలు "మనమూ ఒకటి కొందాం నాన్నా" అని పట్టుబట్టడం సహజమే. ఆన్‌లైన్‌లో వెతికితే గాలి నింపేవి, గట్టి ప్లాస్టిక్‌వి రకరకాలు కనిపిస్తాయి. అన్నింటి కిందా "చాలా స్టేబుల్" అని రాసి ఉంటుంది. ఆ మాటకు అర్థం తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

పడవ ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క ఎక్కువగా మునుగుతుంది. మునిగిన భాగాన్ని నీళ్లు పైకి నెడతాయి. పడవ ఎంత వెడల్పుగా ఉంటే ఆ నెట్టుడు మధ్య నుంచి అంత దూరంలో పడుతుంది, పడవను అంత గట్టిగా నిటారుకు తెస్తుంది. (పైతరగతి పిల్లలుంటే ఆర్కిమెడిస్ సూత్రంతో ముడిపెట్టి వాళ్లనే వివరించమనండి.) కృష్ణ, తుంగభద్ర తీరాల్లో జాలర్లు నడిపే పుట్టి ఇందుకు మంచి ఉదాహరణ. గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా బోల్తా పడదు. కానీ తెడ్డు వేయడం రానివాళ్లు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. కయాక్ దీనికి వ్యతిరేకం. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు సీల్ చర్మంతో కట్టుకున్న అసలు కయాక్ సన్నగా, వేటగాడి ఒంటికి అతికినట్టు ఉండేది. వాళ్లకు వేగం కావాలి, చప్పుడు కాకూడదు. తిరగబడినా తెడ్డుతోనే మళ్లీ పైకి లేవడం వాళ్లకు వచ్చు. మనకు రాదు. అందుకే మనకు కావలసింది ఈ రెండింటికీ మధ్యలో ఉండే పడవ.

అంకెల్లో చెప్పాలంటే పొడవు 9 నుంచి 12 అడుగులు, వెడల్పు 28 నుంచి 32 అంగుళాలు. దూరప్రయాణాలకు వాడే టూరింగ్ కయాక్‌లు 22 నుంచి 25 అంగుళాలే ఉంటాయి. చూడటానికి అందంగా ఉన్నాయని మొదటి పడవగా వాటిని కొనకండి. వెడల్పు పడవ నెమ్మదిగా పోతుంది, పొట్టిగా ఉంటే ముక్కు అటూ ఇటూ తిరుగుతుంది. నేర్చుకునే రోజుల్లో అది పెద్ద నష్టం కాదు. అడుగు చదునుగా ఉన్న పడవ నిలకడ నీటిలో బల్లలా కూర్చుంటుంది. అలలు లేస్తే మాత్రం వాటితో పాటే ఒరుగుతుంది.

వెడల్పు తర్వాత చూడాల్సింది ఎలా కూర్చుంటామన్నది. కాళ్లు లోపలికి పెట్టి కూర్చునే రకం తిరగబడితే నీళ్లతో నిండిపోతుంది. ఒడ్డుకు లాక్కెళ్లి వంపితే తప్ప మళ్లీ ఎక్కడం కష్టం. పైన కూర్చునే రకంలో, అంటే సిట్-ఆన్-టాప్‌లో, మనిషిని పట్టి ఉంచే గుంట ఉండదు. పైన పడిన నీళ్లు రంధ్రాల గుండా వాటంతటవే కిందికి పోతాయి. పడిపోయినా పక్క నుంచి పాకి ఎక్కొచ్చు. కొత్తవాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు, మా ఓటు దీనికే. సీటు మరీ ఎత్తుగా ఉన్న మోడల్ వద్దు. మనిషి ఎంత ఎత్తున కూర్చుంటే పడవ అంత తేలిగ్గా ఒరుగుతుంది.

పెట్టె మీద రాసే బరువు గరిష్ఠ పరిమితి. అందులో మూడింట రెండు వంతులే మన లెక్క అనుకోండి. 75 కిలోల తండ్రి, 30 కిలోల పాప, 5 కిలోల సంచి కలిస్తే 110 కిలోలు. 165 కిలోల సామర్థ్యం ఉన్న పడవ అయితేనే నీటిపై తేలిగ్గా ఉంటుంది.

గాలి నింపే కయాక్‌లు చవక, కారు డిక్కీలో పడతాయి. కొంటే వేర్వేరు గాలి గదులున్నవే కొనండి. ఒకటి పోయినా మిగిలినవి తేలుస్తాయి. మన చెరువు గట్లంతా సర్కారు తుమ్మ ముళ్లే కాబట్టి ప్యాచ్‌లూ పంపూ వెంట ఉండాలి. ఈతకొలనులో ఆడుకునే బొమ్మ పడవను చెరువులో దింపవద్దు.

పడవ కంటే ముందు

ఎంత స్టేబుల్ పడవైనా ఏదో ఒకరోజు తిరగబడుతుంది. ఆరోజు కాపాడేది లైఫ్ జాకెట్. నిజానికి ముందు కొనాల్సింది అదే. 50 న్యూటన్ల జాకెట్లు ఈత బాగా వచ్చి, సాయం దగ్గరలో ఉన్నవాళ్ల కోసం. పిల్లలకు 100 న్యూటన్లది, మెడ వెనక కాలర్, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది తీసుకోండి. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు. "వచ్చే ఏడాదికీ పనికొస్తుంది" అని యూనిఫాం కొన్నట్టు ఒక సైజు పెద్దది కొనకూడదు.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. మనకు దగ్గర్లో ఉన్న పెద్ద నీరు మంజీరపై సింగూరు జలాశయం. అక్కడ సొంత పడవ దింపే ఆలోచన మానుకోండి. సింగూరు డ్యామ్ నుంచి దిగువన మంజీర డ్యామ్ దాకా ఉన్నది 1978లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యం, మగ్గర్ మొసళ్ల నివాసం. డ్యామ్ గోడ తమ హద్దు అని మొసళ్లకు ఎవరూ చెప్పలేదు. పైగా విశాలమైన జలాశయంలో గాలి లేస్తే అలలూ లేస్తాయి. నీటి కింద చేపల వలలు, మునిగిన చెట్లు, నీళ్లు తగ్గినప్పుడు మోకాలి లోతు బురద ఉండొచ్చు.

కొనేముందు రెండు మూడుసార్లు అద్దె పడవ మీద, శిక్షకులు ఉన్నచోట నేర్చుకోవడం మేలు. నీళ్లున్నాయో లేదో, పడవలు నడుస్తున్నాయో లేదో కనుక్కొని బయలుదేరండి. గాలి తక్కువగా ఉండే ఉదయం వేళ ఎంచుకోండి. మొదట గాలికి ఎదురుగా తెడ్డు వేసి వెళ్లండి, చేతులు అలిసిపోయాక గాలే ఒడ్డుకు తోస్తుంది. మొదటిరోజే లోతు తక్కువ చోట, శిక్షకుడి ఎదుట, మీరూ మీ పాపా కావాలని ఒకసారి పడవను బోల్తా కొట్టించి మళ్లీ ఎక్కి చూడండి. అద్దెకు తీసుకున్న రకం మీద అలా ఎక్కగలిగితే ఆ రకమే కొనుక్కోవచ్చు.